ఆర్లింగ్టన్‌లో మూడు ఆటలు, మీ పేజీలో మూడు లైన్లు

సంపాదకుల వారికి నమస్కారాలు.

ఈ శుక్రవారం సాయంత్రం 7.05కి అమెరికాలో డాలస్ పక్కనున్న ఆర్లింగ్టన్‌లో, టెక్సాస్ రాష్ట్రపు రెండు జట్లు టెక్సాస్ రేంజర్స్, హ్యూస్టన్ ఆస్ట్రోస్ మధ్య మూడు ఆటల బేస్‌బాల్ సిరీస్ మొదలవుతుంది. మన గడియారంలో అది శనివారం తెల్లవారుజామున 5.35. ఆ వేళకు గుంటూరు బ్రాడీపేటలో మా ముందు గదిలో లైటు వెలుగుతుంటుంది. బల్ల మీద లాంగ్ నోట్‌బుక్కు, అడుగు స్కేలు, ఎరుపు నీలం పెన్నులు, ఫ్లాస్కులో కాఫీ. ఫోన్లో అవతల ఫ్రిస్కోలో ఉన్న మా మనవరాలు. నాలుగు రోజులుగా నాకు వేరే ధ్యాస లేదు. ఆ ధ్యాసలోనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. మీ క్రీడా పేజీలో బేస్‌బాల్ ఫలితాలకు మూడు లైన్ల చోటు అడగాలి.

ముందు నేనెవరో చెప్పుకోవాలి. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరయ్యాను. అంతకంటే ముఖ్యంగా 22 ఏళ్లు జిల్లా క్రికెట్ లీగుల్లో స్కోరర్‌గా కూర్చున్నాను. ఆదివారం మ్యాచ్ అయిపోగానే స్కోరు పుస్తకంలోంచి రెండు జట్ల లెక్కా తెల్లకాగితం మీద శుభ్రంగా ఎత్తిరాసి, రాత్రి ఎనిమిది లోపు సైకిల్ మీద పత్రికాఫీసుకు చేర్చేవాణ్ని. చోటుంటే జిల్లా పేజీలో రెండు మూడు లైన్లు వేసేవాళ్లు. లేకపోతే లేదు. కొన్నేళ్ల కిందట లారీ ఆఫీసులో పనిచేసే ఒకాయన నన్ను బజార్లో గుర్తుపట్టి ఆపి, పర్సులోంచి మడత పెట్టిన కాగితం ముక్క తీశాడు. పసుపు పచ్చబడి, మడతల దగ్గర చిరిగి, వెనక సెల్లోటేపు అతికించి ఉంది. అతను 34 పరుగులు కొట్టినప్పుడు పడిన లైను అది. పేరులో ఒక అక్షరం తప్పు పడింది. అయినా అతను దాన్ని పాతికేళ్లు దాచుకున్నాడు. పత్రికలో ఒక లైనంటే ఏమిటో ఆ రోజు నాకు పూర్తిగా తెలిసింది.

బేస్‌బాల్ నాకు 2023లో తగులుకుంది. ఆ ఏడు మే నుంచి నవంబరు మొదటి వారం దాకా ఫ్రిస్కోలో మా అబ్బాయి ఇంట్లో ఉన్నాం. డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఆ ఊళ్లో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో అక్కడికి వెళ్లొచ్చిన వాళ్లకు చెప్పక్కర్లేదు. సాయంత్రం పార్కులో నడిస్తే నలుగురిలో ఒకరు తెలుగులో పలకరిస్తారు. ఊళ్లోనే రఫ్‌రైడర్స్ అని రేంజర్స్‌కు అనుబంధంగా ఉండే కింది స్థాయి జట్టు ఉంది. వాళ్ల మైదానంలో కుడివైపు బౌండరీ గోడ అవతల నీళ్ల కాలువ కట్టారు. జనం టైర్ల లాంటి వాటి మీద తేలుతూ ఆట చూస్తారు. అప్పటికి ఎనిమిదేళ్ల మా మనవరాలు నన్ను మొదటిసారి అక్కడికే తీసుకెళ్లింది. ఇప్పుడు దానికి పదకొండు. స్కూలు పిల్లల సాఫ్ట్‌బాల్ జట్టులో క్యాచర్, అంటే బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే మనిషి.

స్కోరర్‌గా బతికిన వాడికి ఆ ఆట మొదటి రోజే పట్టుకుంటుంది. ఎందుకంటే అందులో ప్రతిదానికీ గుర్తు ఉంది. పిచర్, అంటే బంతి వేసేవాడు, ఒకటి, క్యాచర్ రెండు, మొదటి బేస్ (పరుగు తీసేవాడు తాకే మజిలీ) మూడు, రెండో బేస్ నాలుగు, మూడో బేస్ ఐదు, రెండు, మూడు బేస్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ ఆరు, వెనక మైదానం అవుట్‌ఫీల్డ్‌లో ఎడమ నుంచి ఏడు, ఎనిమిది, తొమ్మిది. షార్ట్‌స్టాప్ బంతి అందుకుని రెండో బేస్‌కు విసిరి, అక్కణ్నుంచి మొదటి బేస్‌కు వెళ్లి ఇద్దరు అవుటైతే 6-4-3 అని రాస్తాం. ఆ మూడంకెలు చూస్తే బంతి ఎటు తిరిగిందో నెల తర్వాత కూడా కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. బ్యాటర్ ఊపి తప్పినా, సరైన బంతిని వదిలేసినా స్ట్రైక్. మూడు స్ట్రైక్‌లకు అవుటైతే, అంటే స్ట్రైకౌట్ అయితే, కె. బ్యాటు ఊపకుండా చూస్తూ నిలబడి అవుటైతే అదే కె తిరగేసి. క్రికెట్ స్కోరు పుస్తకంలో చుక్కలు పెడుతూ గడిపిన నాకు ఇంకో లిపి నేర్చుకున్నట్టయింది. ఇప్పుడు పిచ్ క్లాక్ వచ్చింది కదా, బేస్‌ల మీద ఎవరూ లేకపోతే 15 సెకన్లు, ఉంటే 18. పిచర్ ఆ లోపు బంతి వెయ్యాల్సిందే. పెన్ను కింద పెట్టే వ్యవధి కూడా ఉండదు.

ఇప్పుడు ఈ వారాంతం సంగతి.

బేస్‌బాల్ తెలియని మన పాఠకులు సిరీస్ అంటే మూడు వేర్వేరు మ్యాచ్‌లు అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. మూడేళ్లుగా రాస్తుంటే తెలిసిందేమిటంటే, మూడు రోజుల సిరీస్ ఒక టెస్టు మ్యాచ్ లాంటిది. శుక్రవారం జరిగింది ఆదివారం మీద పడుతుంది. మొదట బంతి పట్టే పిచర్ తొంభై, వంద బంతులు వేసి దిగిపోతే మళ్లీ నాలుగైదు రోజుల దాకా రాడు. ఆ తర్వాత బుల్‌పెన్ నుంచి, అంటే కాచుకుని ఉన్న మిగతా పిచర్లలోంచి, ఒక్కొక్కరే వస్తారు. 26 మంది జట్టులో పిచర్లు 13 మందికి మించకూడదు. ఆటకు తొమ్మిది ఇన్నింగ్స్. శుక్రవారం మొదటి పిచర్ మూడో ఇన్నింగ్స్‌లోనే దెబ్బ తింటే ఆ రాత్రే బుల్‌పెన్‌లో నలుగురైదుగురిని వాడెయ్యాలి. వాళ్లు శనివారానికి అలసిపోతారు. ఆదివారం ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగు ఆధిక్యం కాపాడాల్సి వచ్చినప్పుడు, కావలసిన మనిషి చెయ్యి లేవని స్థితిలో ఉంటాడు. సోమవారం పేపర్లో ఆదివారం స్కోరు మాత్రమే చూసినవాడికి ఓటమి కనిపిస్తుంది, దాని వేరు శుక్రవారం మూడో ఇన్నింగ్స్‌లో ఉందని కనిపించదు. నా నోట్‌బుక్కులో మూడు ఆటల పేజీలు పక్కపక్కన పరిస్తే కనిపిస్తుంది.

అందుకే శుక్రవారం రేంజర్స్ మొదటి పిచర్ ఆరు ఇన్నింగ్స్ లాగాలి అన్నదొక్కటే నా మొక్కు. గెలుపు సంగతి తర్వాత. ఆరు ఇన్నింగ్స్ వేసి 3-2తో ఓడినా నాకు అంత బాధ ఉండదు, ముందున్న రెండు రోజులు చేతిలో ఉంటాయి.

ఇంకో టెన్షన్ ఆస్ట్రోస్ బ్యాటర్ హోసే ఆల్టూవే. మనిషి ఐదడుగుల ఆరంగుళాలు. అమెరికన్ బేస్‌బాల్‌లో అతని పక్కన నిలబడిన ప్రతివాడూ పొడుగ్గానే కనిపిస్తాడు. 2023 అక్టోబరులో ఈ రెండు జట్లే అమెరికన్ లీగ్ ఫైనల్లో తలపడ్డాయి. చెరో రెండు గెలిచి ఆర్లింగ్టన్‌లో ఐదో ఆటకు వచ్చారు. రేంజర్స్ ముందున్నారు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఆల్టూవే మూడు పరుగుల హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టాడు. మా అబ్బాయి ఇంట్లో సోఫా మీద ఒక్కరు మాట్లాడలేదు. మా కోడలు టీవీ సౌండు తీసేసింది. మా మనవరాలు తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. తర్వాతి రెండు ఆటలూ హ్యూస్టన్‌లో. రేంజర్స్ అక్కడికెళ్లి 9-2, 11-4తో గెలిచి వస్తారని ఆ రాత్రి ఎవరైనా చెప్పుంటే నమ్మేవాణ్ని కాదు. ఏడు ఆటల్లో ఏడింటికి ఏడూ బయటి జట్టే గెలిచింది. సొంత ఊళ్లో రెండు జట్లకూ ఒక్క గెలుపు లేదు. ఆ తర్వాత రేంజర్స్ అరిజోనా డైమండ్‌బ్యాక్స్‌ను 4-1తో ఓడించి, నవంబరు 1న తమ చరిత్రలో మొట్టమొదటి వరల్డ్ సిరీస్, అంటే ఆ ఏటి ఛాంపియన్‌షిప్, గెలిచారు. వాషింగ్టన్ నుంచి 1972లో టెక్సాస్‌కు వచ్చిన జట్టు అది. యాభై ఏళ్లు ఎదురు చూశారు.

ఇక్కడ మన లెక్క ఒకటి చెప్పాలి. 2011 అక్టోబరు 27న సెయింట్ లూయిస్‌లో రేంజర్స్ వరల్డ్ సిరీస్‌కు ఒక్క స్ట్రైక్ దూరంలో నిలబడ్డారు. ఒకసారి కాదు, అదే రాత్రి రెండుసార్లు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో 7-5 ఆధిక్యం, ఇద్దరు అవుట్, రెండు స్ట్రైక్‌లు. డేవిడ్ ఫ్రీస్ కొట్టిన బంతి కుడివైపు ఫీల్డర్ నెల్సన్ క్రూజ్ తల మీదుగా వెళ్లింది. పదో ఇన్నింగ్స్‌లో మళ్లీ 9-7 ఆధిక్యం, మళ్లీ రెండు స్ట్రైక్‌ల దగ్గర లాన్స్ బర్క్‌మన్ కొట్టాడు. పదకొండులో ఫ్రీస్ హోమ్ రన్‌తో 10-9. మర్నాడు ఏడో ఆటా పోయింది. 2023 వరల్డ్ సిరీస్ మొదటి ఆట జరిగింది అక్టోబరు 27నే. తేదీకి తేదీ, సరిగ్గా పుష్కరం. ఆ రాత్రి తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రెండు పరుగులు వెనకబడి ఉండగా కోరీ సీగర్ కొట్టిన హోమ్ రన్‌తో సమమైంది. పదకొండులో అడోలిస్ గార్సియా కొట్టి ముగించాడు. పక్కింటి పెద్దాయన, ఆ ఊళ్లోనే పుట్టిన అమెరికన్, కంచె దగ్గర నిలబడి 2011 గురించి చెబుతూ కళ్లు తుడుచుకున్నాడు. మా భాషలో పన్నెండేళ్లకు ఒక పేరుందని, నదికి అప్పుడు పుష్కరాలు వస్తాయని, జనం వెళ్లి మునిగి లేస్తారని మా మనవరాలి చేత ఇంగ్లిషులో చెప్పించాను. ఆయన కాగితం మీద ఆ మాట రాయించుకున్నాడు.

హ్యూస్టన్ వాళ్లంటే మా ఇంట్లో ఇంకో కోపం ఉంది. 2017లో ఆస్ట్రోస్ సొంత మైదానంలో కెమెరాతో ఎదుటి క్యాచర్ సైగలు పట్టి, చెత్తడబ్బా మీద బాది తమ బ్యాటర్లకు ఏ బంతి వస్తుందో చెప్పేవాళ్లు. 2020 జనవరిలో లీగు విచారణ చేసి జనరల్ మేనేజర్‌ను, మేనేజర్‌ను ఏడాది సస్పెండ్ చేసింది, క్లబ్బుకు 50 లక్షల డాలర్ల జరిమానా వేసింది. వరల్డ్ సిరీస్ టైటిల్ మాత్రం వెనక్కి తీసుకోలేదు. మా మనవరాలు క్యాచర్ కాబట్టి ఇది దానికి సొంత విషయం. ‘తాతయ్యా, నా సైగ పిచర్‌కి నాకూ మధ్య రహస్యం, అది దొంగిలిస్తే ఇంక నేనక్కడ కూర్చుని ఏం లాభం’ అంటుంది. ఇప్పుడు పెద్ద లీగులో చాలామంది చేతికి కట్టుకునే మీటలతో పిచర్ టోపీలోకి సైగ పంపుతున్నారు. ఆ ఏర్పాటు 2022లో వచ్చింది. అదే ఏడాది ఆస్ట్రోస్ మళ్లీ వరల్డ్ సిరీస్ గెలిచారు. అది ఆడి గెలిచినదే అని దానికి చెప్పాను. స్కోరరుకు పక్షం ఉండొచ్చు గానీ పుస్తకానికి ఉండకూడదు.

పంతం అంటే పంతమే గానీ రెండు ఊళ్లకూ ఉమ్మడి ఆస్తి కూడా ఉంది. నోలన్ ర్యాన్ హ్యూస్టన్ దగ్గర ఆల్విన్ అనే చిన్న ఊళ్లో పెరిగాడు, ఆస్ట్రోస్‌కు ఆడాడు, తర్వాత రేంజర్స్‌కు వచ్చాడు. మొత్తం 5,714 స్ట్రైకౌట్లు, ఏడు నో-హిట్టర్లు, అంటే ఎదుటి జట్టుకు ఒక్క హిట్ కూడా ఇవ్వని ఆటలు. ఏడోది 1991లో ఆర్లింగ్టన్‌లో, 44 ఏళ్ల వయసులో. అతని 34 నంబరును రెండు క్లబ్బులూ ఇంకెవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టాయి. 2023లో రేంజర్స్‌ను ఒడ్డున పడేసిన పిచర్ నేథన్ ఈవాల్డీ చదివింది కూడా ఆ ఆల్విన్ హైస్కూల్లోనే. ఒక చిన్న ఊరి బడి నుంచి ఇద్దరు.

సరే, నా కోరిక.

వారానికి ఒక్క సిరీస్, మూడు ఆటలకు మూడు లైన్లు వెయ్యండి. ఎవరి స్కోరెంత, గెలిచిన పిచర్ ఎవరు, హోమ్ రన్ ఎవరు కొట్టారు, అంతే. ఫొటో అక్కర్లేదు. ఆర్లింగ్టనే కానక్కర్లేదు, మన పిల్లలు ఎక్కువగా ఉన్న డాలస్, హ్యూస్టన్, శాన్‌ఫ్రాన్సిస్కో, సియాటిల్, అట్లాంటా, షికాగో వంతులవారీగా వేసినా చాలు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఫలితాలు వేస్తున్నారు, ఫార్ములా వన్ వేస్తున్నారు. సంతోషం. అమెరికాలో చదువుకునే మన పిల్లలు మైదానంలో ఆడేది ఏ ఆటో, ఇక్కడున్న అమ్మమ్మ తాతయ్యలకు తెలిసే దారి మాత్రం లేదు. ఫోన్ చేస్తే ‘తిన్నావా, చదువుకున్నావా’ దగ్గర మాట ఆగిపోతుంది. మా ఇంట్లో ఆగడం లేదు. గంటసేపు సాగుతుంది. నిన్న మా మనవరాలు నాకు ఫోన్ చేసి, ‘తాతయ్యా, ఎడమచేతి వాడొస్తే ఎవర్ని దించుతారు?’ అని అడిగింది. నా ఈడు వాళ్లు ఈ ఊళ్లోనే చాలామంది ఇలాంటి ప్రశ్న కోసం ఎదురుచూస్తున్నారు. పొద్దున్నే వాకింగ్‌లో వాళ్లతో మాట్లాడేవాణ్ని కాబట్టి చెబుతున్నాను.

అచ్చు వేళ కుదరదంటారేమో, లెక్క వేసే రాస్తున్నాను. శుక్రవారం ఆట మనకు శనివారం పొద్దున ఎనిమిదిన్నరకల్లా ముగుస్తుంది, ఆదివారం పేపరుకు బోలెడు టైముంది. శనివారం ఆట సాయంత్రం 6.05కి అయితే మనకు ఆదివారం తెల్లారగట్ల 4.35, సోమవారం పేపరులోకి వస్తుంది. ఆదివారం మధ్యాహ్నం 1.35 ఆట మనకు సోమవారం మొదలైన ఐదు నిమిషాలకు, మంగళవారం పేపరులో వెయ్యొచ్చు. పాత వార్త అని అనుకోవద్దు. సిరీస్ మంగళవారానికి గానీ పూర్తిగా అర్థం కాదు.

ఈ ఆటకు, పత్రికకు ఉన్న సంబంధం మీకు తెలియజేయడం నా బాధ్యత అనుకుంటాను. బాక్స్ స్కోరును, అంటే ఆట లెక్కంతా గళ్లలో చూపే పట్టికను, తీర్చిదిద్దినవాడు హెన్రీ చాడ్విక్. 1824లో ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో పుట్టి, చిన్నప్పుడే బ్రూక్లిన్ వెళ్లాడు. న్యూయార్క్ పత్రికలకు క్రికెట్ వార్తలు రాసే విలేకరి ఆయన. క్రికెట్ చూసి వస్తూ బేస్‌బాల్ చూసి, క్రికెట్ స్కోరుకార్డు పద్ధతిని ఈ ఆటకు మలిచాడు. స్ట్రైకౌట్‌కు కె పెట్టిందీ ఆయనే. ఎస్ అక్షరం అప్పటికే వేరే గుర్తుకు వాడుతున్నారు కాబట్టి ‘స్ట్రక్’ అన్న మాటలోని చివరి అక్షరం తీసుకున్నాడు. ఆట చూడని ఊళ్లలో కూడా జనం పేపర్లో ఆ గళ్లు చదివి ఆటను తెలుసుకున్నారు. ఆ విలేకరిని 1938లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. క్రికెట్ స్కోరు రాసిన చేతులే బేస్‌బాల్‌నూ ఊరూరికీ చేర్చాయి. అందుకే మీ క్రికెట్ పేజీలో ఈ మూడు లైన్లు పరాయివి కావు.

రేంజర్స్‌లో కుమార్ రాకర్ అనే పిచర్ ఉన్నాడు. అతని తల్లి తరఫు పెద్దలు భారతదేశం నుంచి వలస వెళ్లినవాళ్లు. తండ్రి ట్రేసీ రాకర్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేరుపడ్డ ఆటగాడు. 2019లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీకి ఆడుతూ డ్యూక్ యూనివర్సిటీ మీద ఒక్క హిట్ ఇవ్వకుండా 19 మందిని స్ట్రైకౌట్ చేశాడు. 2021లో కొత్త ఆటగాళ్ల ఎంపికలో న్యూయార్క్ మెట్స్ జట్టు ఎంచుకుని, ఆరోగ్య పరీక్షల తర్వాత ఒప్పందం చేసుకోలేదు. మర్నాటి ఏడు రేంజర్స్ మూడో ఎంపికగా తీసుకున్నారు. మోచేతికి సర్జరీ అయి, 2024లో మళ్లీ బంతి పట్టి, ఫ్రిస్కోలో ఆడి, ఆ సెప్టెంబరు 12న సియాటిల్‌లో పెద్ద లీగులో మొదటి ఆట ఆడాడు. నాలుగు ఇన్నింగ్స్‌లో ఏడు స్ట్రైకౌట్లు. ఫ్రిస్కోలో వేస్తున్నప్పుడు మా మనవరాలు చూసింది. కుమార్ అన్న పేరు మైకులో వినగానే చుట్టుపక్కల మన పిల్లలంతా లేచి నిలబడ్డారట. ఇదంతా జరిగిన ఏడాదిలో మన పేపర్లలో అతని పేరు ఎక్కడైనా కనిపిస్తుందేమోనని రోజూ క్రీడా పేజీ చివరిదాకా చదివాను. నా కంట పడలేదు. ఈ వారాంతం అతను బంతి పట్టినా పట్టకపోయినా, ఎప్పుడో ఒకప్పుడు ఆ పేరు మీ పేజీలో చూడాలని ఉంది.

ముగ్గురు మొదటి పిచర్లు ఎవరెవరో తెలియగానే నోట్‌బుక్కులో రాసుకుంటాను. గళ్లు గీసేశాను. మూడు ఆటలకు రెండేసి పేజీలు, తొమ్మిది ఇన్నింగ్స్ దాటితే రాయడానికి పక్కన మూడేసి నిలువు గళ్లు ఎక్కువ. ఆదివారం ఆట కాగానే మూడు లైన్లూ ఎత్తిరాసి మీ ఆఫీసుకు నేనే పంపిస్తాను. ఈసారి సైకిలు అక్కర్లేదు, వాట్సాప్‌లో వస్తుంది. పేర్ల స్పెల్లింగు మా మనవరాలు సరిచూస్తుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్కోరర్,
బ్రాడీపేట, గుంటూరు.